గణన గవాక్షం: ఎవరి కుంచంతో కొలిచాము?



గత సంచికలో మాగ్నెటిక్ టేపుల సంరక్షణను గురించి ముచ్చటించుకున్నాము. అది చదివిన క్షేత్ర విభాగపు మిత్రులొకరు క్యాంటీనులో ఎదురుపడి, "టేపు పదిలంగా ఉంటుంది సరేనండీ, అందులోని అంకె పదిలంగా ఉన్నదని ఎట్లా తెలుస్తుంది?" అని అడిగారు. ప్రశ్న చిన్నదే. సమాధానం చెప్పాలంటే మాత్రం మేము మా పాత తప్పు ఒకదానిని బయట పెట్టుకోవలసి ఉన్నది. తప్పు చెప్పుకొంటే మరొకరికి మేలు జరుగుతుందన్న ఆశతో ఈ నెల శీర్షికను దానికే కేటాయిస్తున్నాము.

పాత్రలు, కొలతలు

పల్లెటూళ్లలో ధాన్యపు కొలతలు ఎరిగిన పెద్దలకు ఈ విషయం సులభంగా బోధపడుతుంది. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. నాలుగు మానికలు ఒక కుంచం. నాలుగు కుంచాలు ఒక తూము. కంప్యూటరులో పూర్ణాంకాలను దాచే పాత్రలు కూడ ఇట్లే రెట్టింపు వరుసలో ఉంటాయి: 8 బిట్లు, 16 బిట్లు, 32 బిట్లు, 64 బిట్లు. ఒక భేదం మాత్రం గమనింపదగినది. తవ్వకు బదులు మానిక తెచ్చుకుంటే ధాన్యం రెట్టింపు పడుతుంది. బిట్లు రెట్టింపైతే పాత్రలో ఇమడగల వేర్వేరు అంకెల సంఖ్య వర్గమవుతుంది. 8 బిట్లలో 256 అంకెలు, 16 బిట్లలో 65,536 అంకెలు, 32 బిట్లలో 4,29,49,67,296 అంకెలు ఇముడుతాయి. ధన, ఋణ సంఖ్యలు రెండింటికీ చోటు ఇవ్వవలెనంటే ఆ స్థలాన్ని సగం సగం పంచుకోవాలి. అప్పుడు 16 బిట్ల పాత్రలో అత్యధిక సంఖ్య 32,767. 32 బిట్ల పాత్రలో అది 2,14,74,83,647. 64 బిట్ల పాత్రలో సుమారు 92 వేల కోట్ల కోట్లు.

కుంచం నిండిన తరువాత ఇంకా పోస్తే గింజలు నేల మీద పడతాయి. కొలిచేవాడికీ కనబడుతుంది, కొనేవాడికీ కనబడుతుంది. కంప్యూటరులో పొంగిన అంకె నేల మీద కనబడదు. 16 బిట్ల పాత్రలో 32,767కు ఒకటి కలిపితే సాధారణంగా వచ్చేది ఋణ 32,768. చాలా సందర్భాలలో యంత్రం కేక వేయదు, ఆగదు. ఆ అంకెనే తీసుకొని తరువాతి పనికి పోతుంది.

ఇంకొక చిక్కు ఉన్నది. పూర్వం కుంచం అన్న పేరు ఒక్కటే అయినా, ఒక సీమ కుంచం మరొక సీమ కుంచంతో సరిపోయేది కాదు. అందుకే 1956లో తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం తెచ్చి, దేశమంతటికీ మెట్రిక్ పద్ధతిని క్రమంగా అమలు చేశారు. సీ భాషలో 'ఇంట్', 'లాంగ్' అనే పేర్లు ఆ పాత కుంచాల వంటివే. డాస్ కాలపు టర్బో సీలో 'ఇంట్' అంటే 16 బిట్లు. తరువాతి యూనిక్స్ యంత్రాల మీద 32 బిట్లు. నేటి 64 బిట్ల లైనక్స్ మీద 'లాంగ్' అంటే 64 బిట్లు, అదే 'లాంగ్' 64 బిట్ల విండోస్ మీద 32 బిట్లే. పైథాన్ భాషలో అంకెల పట్టికలకు వాడే నంపై గ్రంథాలయంలో కూడ, పరిమాణం ప్రత్యేకంగా చెప్పకపోతే, లైనక్స్ మీద 64 బిట్ల పూర్ణాంకం, విండోస్ మీద 32 బిట్ల పూర్ణాంకం వచ్చేవి. 2024లో వెలువడిన 2.0 కూర్పుతోనే అది సరిదిద్దబడింది. అంటే అంతవరకు ఒకే ప్రోగ్రాము పక్కపక్క బల్లల మీద నడిచి రెండు రకాల ఫైళ్లను రాయగలిగేదన్న మాట.

240 బైట్ల చీటీ

ఇక మన వృత్తికి సంబంధించిన ఉదాహరణకు వద్దాము. చమురు అన్వేషణలో సైస్మిక్ సర్వే సమాచారాన్ని దాచుకొనే ఫైలు రూపాలలో సెగ్-వై అనేది ప్రసిద్ధమైనది. దీనిని అన్వేషణ భూభౌతిక శాస్త్రజ్ఞుల సంఘం 1975లో, టేపుల కాలంలో, ప్రకటించింది. అందులో మొదట 3,200 బైట్ల అక్షర భాగం, తరువాత 400 బైట్ల అంకెల భాగం, ఆపైన ఒక్కొక్క ట్రేసుకు ముందు 240 బైట్ల హెడర్ ఉంటాయి. ఆ హెడర్‌ను ట్రేసుకు కట్టిన చీటీ అనుకోవచ్చు. ఎక్కడ విస్ఫోటనం జరిగింది, ఎక్కడ ప్రకంపనను గ్రహించారు, ఎన్ని శాంపిళ్లు ఉన్నాయి అన్నవన్నీ ఆ చీటీలోనే ఉంటాయి.

శాంపిళ్ల సంఖ్యకు ఆ చీటీలో ఇచ్చిన స్థలం 2 బైట్లు, అనగా 16 బిట్లు. 1975లో అది ధారాళమైన కేటాయింపే. 2 మిల్లీసెకండ్ల అంతరంతో 6 సెకండ్లు నమోదు చేస్తే 3,000 శాంపిళ్లు. అదే 1 మిల్లీసెకండు అంతరంతో ఒక నిమిషం పాటు నమోదు చేస్తే 60,000. ఋణ సంఖ్యలకూ చోటిచ్చిన 16 బిట్ల పాత్రలో ఆ 60,000 కాస్తా ఋణ 5,536గా చదవబడుతుంది. 2017లో వచ్చిన రెండవ సవరణలో దీనికోసం 4 బైట్ల అదనపు గడిని ఏర్పరచవలసి వచ్చింది.

స్థానాల సంగతి ఇంకా ఆసక్తికరం. తూర్పు, ఉత్తర దూరాలకు చెరి 4 బైట్లు ఇచ్చారు. అవి పూర్ణాంకాలు కనుక దశాంశాలు రాయడానికి పక్కనే ఒక గుణకపు గడి ఉన్నది. అందులో ఋణ 100 అని ఉంటే "ఈ అంకెను 100తో భాగించి చదువుకోండి" అని అర్థం. ఋణ 1,000 అని ఉంటే 1,000తో భాగించవలెను.

ఒక సున్న చేర్చిన కథ

ఇప్పుడు మా తప్పు. ఈ శీర్షికలో 'మేము' అనడం పత్రికా మర్యాద. ఈ కథలో మాత్రం 'మేము' అంటే ఒక్కరమే, బాధ్యులు వేరెవరూ లేరు.

ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో, కృష్ణా-గోదావరి బేసిన్ సర్వే రేఖల కోసం మేము ఒక ప్రోగ్రాము రాశాము. క్షేత్రం నుండి స్థానాలు మీటర్లలో, దశాంశాలతో, అక్షర రూపంలో వచ్చేవి. వాటిని 100తో గుణించి హెడర్‌లోని 4 బైట్ల గడిలో ఉంచడం దాని పని. ఏళ్ల తరబడి చక్కగా నడిచింది. తరువాత ఉపగ్రహాల సాయంతో స్థాననిర్ణయం వచ్చింది. "సెంటీమీటర్లతో ఆగడమెందుకు, మిల్లీమీటర్ల దాకా రాయండి" అన్నారు పైవారు. మేము ప్రోగ్రాములోని 100ను 1,000గా మార్చాము. ఒక్క సున్న చేర్చాము, అంతే. గోదావరి రేఖల మీద పరీక్షించాము. రాజమండ్రి ప్రాంతంలో యు.టి.ఎం. పద్ధతి ప్రకారం భూమధ్యరేఖ నుండి ఉత్తర దూరం సుమారు 18,80,000 మీటర్లు. మిల్లీమీటర్లలో 188 కోట్లు. పాత్ర పట్టేది 214 కోట్లు. సరిపోయింది. సంతృప్తిగా సంతకం చేశాము.

కొన్నేళ్ల క్రితం ఎగువ అస్సాంలోని పాత రేఖలను టేపుల నుండి కొత్త ఫైళ్లలోకి మార్చే పని మా కేంద్రానికి వచ్చింది. కొత్తగా చేరిన ఒక అమ్మాయికి ఆ పని అప్పగించి, మా పాత ప్రోగ్రామునే వాడుకొమ్మన్నాము. రెండవ రోజు ఆమె పటం తెచ్చి చూపింది. అస్సాం రేఖలు భూమధ్యరేఖకు దక్షిణంగా సుమారు 11.8 డిగ్రీల వద్ద, హిందూ మహాసముద్రంలో తేలుతున్నాయి.

లెక్క వేస్తే కారణం తెలిసింది. 27 డిగ్రీల అక్షాంశం వద్ద ఉత్తర దూరం సుమారు 29,86,000 మీటర్లు. మిల్లీమీటర్లలో 2,98,60,00,000. పాత్ర పట్టే దానిని మించింది. లెక్క 64 బిట్లలో సరిగానే జరిగింది. గడిలోకి దిగేటప్పుడు కింది 32 బిట్లు మాత్రమే మిగిలి, ఋణ 1,30,89,67,296 అయింది. మిల్లీమీటర్లలో రాసినప్పుడు ఈ 4 బైట్ల గడి సుమారు 19.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం వరకే చాలుతుంది. ఆ గీత ముంబయికి కొంచెం ఉత్తరంగా, ఆదిలాబాద్‌కు కొంచెం దక్షిణంగా పోతుంది. ఆంధ్ర ప్రాంతమంతా దానికి దిగువనే ఉన్నది. ఇచ్ఛాపురం దాకా ఎన్ని రేఖల మీద పరీక్షించినా మా తప్పు బయటపడేది కాదు. మా పెరటిలో కొలిచి, దేశమంతటికీ చాలుతుందని చెప్పాము.

మౌనంగా వచ్చిన తప్పు

ఈ సంగతి తెలిసినప్పుడు అందరమూ నవ్వుకున్నాము. నవ్వుకోదగినంత పెద్ద తప్పు అపాయకరం కాదు. అసలు అపాయం ఆ తరువాత వచ్చింది.

హెడర్ గుణకాన్ని తిరిగి 100కు మార్చి సెగ్-వై ఫైళ్లను సరిచేశాము. మిల్లీమీటర్ల సూక్ష్మత కూడ నిలవాలన్న ఉద్దేశంతో, స్థానాలను వేరుగా హెచ్‌డీఎఫ్-5 రూపంలో దాచుదామనుకున్నాము. 1998 నుండి వాడుకలో ఉన్న ఈ రూపానికి ఒక సుగుణం ఉన్నది. ప్రతి పట్టికా తన అంకెల పరిమాణాన్ని తనతోనే చెప్పుకుంటుంది. రాసేటప్పుడు రెండు సంగతులు తెలుపవలెను: అంకె జ్ఞాపకంలో ఏ పరిమాణంలో ఉన్నది, ఫైలులో ఏ పరిమాణంలో ఉండవలెను. రెండూ వేరైతే గ్రంథాలయమే మార్చుకుంటుంది. మేము జ్ఞాపకంలో 64 అని సరిగా రాయించాము. ఫైలు పరిమాణాన్ని మాత్రం పాత పట్టిక చూసి 32 అనే చెప్పాము.

పాత్రలో పట్టని అంకె వచ్చినప్పుడు హెచ్‌డీఎఫ్-5 గ్రంథాలయం, మనం వేరే ఆజ్ఞ ఇవ్వకపోతే, దానిని తలకిందులు చేయదు. పాత్ర అంచు దగ్గర కత్తిరిస్తుంది. ఎంత పెద్ద అంకె అయినా 2,14,74,83,647గా మారుతుంది. ఉత్తర దూరం 8 లక్షల మీటర్లకు, 41 లక్షల మీటర్లకు మధ్య ఉంటే భారతదేశంలోనిదే అనుకొనే తనిఖీ ఒకటి మా దగ్గర ఉండేది. ఫైళ్లన్నీ ఆ తనిఖీలో నెగ్గాయి. మేము తృప్తి పడ్డాము. పాత టేపులను రద్దు చేసే జాబితా సంతకం కోసం మా బల్ల మీదికి వచ్చింది.

ఆ సాయంత్రం ఆ అమ్మాయి తలుపు దగ్గర నిలబడి, "సార్, ఒక్క నిమిషం చూస్తారా?" అన్నది.

"ఏమమ్మా, సముద్రంలో నుండి ఒడ్డుకు చేరామా?" అని హాస్యమాడాము.

"ఒడ్డుకు చేరాము సార్. కానీ బిందువులన్నీ ఒకే గీత మీద నిలబడ్డాయి" అన్నది ఆమె.

చూస్తే నిజమే. అన్ని రేఖల ఉత్తర దూరం ఒక్కటే: 21,47,483.647 మీటర్లు. ఆ తూర్పు దూరాలతో కలిపి పటం మీద పెడితే అవి మయన్మార్‌లోని అరకాన్ కొండల్లో పడ్డాయి. పక్కపక్క బిందువుల మధ్య దూరాన్ని లెక్కించాలని ఆమెకు తోచింది కనుక బయటపడింది. మేము ఒక్కొక్క అంకె హద్దులో ఉన్నదా అని మాత్రమే చూశాము. ఆమె, వరుసలో ఒక అంకెకూ తరువాతి అంకెకూ పొందిక ఉన్నదా అని చూసింది. మాకు ముఖం చెల్లలేదు.

జాబితా మీద సంతకం చేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. ఆ రేఖలను కొలిచిన సర్వేయర్లు వానలలో, బురదలో, తేయాకు తోటల గట్ల మీద నెలల తరబడి నడిచినవారు. వారిలో చాలమంది ఇప్పుడు పింఛనుదారులు. టేపులు పోతే వారి నడకను తిరిగి నడిచేవారు లేరు. అడుగున రాతిపొరల చిత్రం మిగిలేది, అది ఏ నేల కిందిదో తెలియకపోయేది.

ఇది మనకొక్కరికే జరిగిన తప్పు కాదు. 1996 జూన్ 4న ఫ్రెంచి గయానాలోని కూరూ నుండి ఎగిరిన తొలి ఏరియన్-5 రాకెట్టు, పైకి లేచిన సుమారు 37 సెకండ్లకు అదుపు తప్పి, ధ్వంసమైంది. దానితో పాటు నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలు నశించాయి. క్షితిజ సమాంతర వేగానికి సంబంధించిన ఒక 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంగా మార్చబోయి, పట్టక, స్థాననిర్దేశక వ్యవస్థ ఆగిపోవడం కారణమని విచారణ సంఘం తేల్చింది. ఆ ప్రోగ్రాము భాగం ఏరియన్-4 కోసం రాసినది. ఆ రాకెట్టుకు ఆ పాత్ర సరిపోయింది. కొత్త రాకెట్టు వేగం హెచ్చు. గోదావరి, అస్సాం కథే అది.

మేము నేర్చుకున్నవి

అనుభవం మీద మా కేంద్రంలో కొన్ని నియమాలు పెట్టుకున్నాము. ఇతర విభాగాల మిత్రులకూ పనికి రావచ్చు.

మొదటిది: అంకెకు పాత్రను ఎంచుకొనే ముందు, ఆ రాశికి సాధ్యమైన అత్యధిక, అత్యల్ప విలువలను కాగితం మీద రాయవలెను. మన క్షేత్రంలో నేడు వచ్చే విలువ కాదు, ఆ ఫైలు ఎక్కడెక్కడికి పోగలదో అక్కడంతటా రాగల విలువ. గుణకంతో గుణించిన తరువాతి విలువను రాయాలన్నది మరువరాదు.

రెండవది: ఫైలులోకి పోయే అంకెకు 'ఇంట్', 'లాంగ్' వంటి ఊరి కుంచాలను వాడరాదు. 1999 నాటి సీ ప్రమాణం నుండి 'ఇంట్ 32', 'ఇంట్ 64' అనే నిర్దిష్టమైన పేర్లు లభిస్తున్నాయి. ఫోర్ట్రాన్‌లోనూ, నంపైలోనూ ఇటువంటివే ఉన్నాయి. బైట్ల వరుసను కూడ స్పష్టంగా చెప్పవలెను. సెగ్-వై మొదటి నుండి పెద్ద బైటును ముందు రాసే పద్ధతిని అనుసరించింది. మన బల్లల మీది ఇంటెల్ యంత్రాలు చిన్న బైటును ముందు రాస్తాయి.

మూడవది: పెద్ద పాత్ర నుండి చిన్న పాత్రలోకి మార్చే ప్రతి చోటా తనిఖీ ఉండవలెను. పట్టకపోతే ప్రోగ్రాము ఆగి, కారణం చెప్పవలెను. తలకిందులు కారాదు, కత్తిరింపబడరాదు. ఆగిన ప్రోగ్రాము ఒక పూట పనిని పోగొడుతుంది. ఆగని ప్రోగ్రాము ఒక తరం పనిని పోగొట్టగలదు.

నాలుగవది: 'విలువ లేదు' అని చెప్పే అంకెను పాత్రకు తగినట్లు ఎంచుకోవలెను. ఋణ 9,999 అనే వాడుక చాల చోట్ల ఉన్నది. ఋణ సంఖ్యలు లేని 16 బిట్ల పాత్రలో అది 55,537గా మారి, నిజమైన కొలతలాగా సగటులో కలిసిపోతుంది.

ఐదవది: రాసిన ఫైలును మూసి, తిరిగి తెరిచి, వేరొక ప్రోగ్రాముతో చదివి మూలంతో పోల్చవలెను. వీలైతే వేరొకరి చేత చదివించవలెను.

"ఇంత గొడవ ఎందుకు, అన్నింటికీ 64 బిట్లే ఇస్తే పోలేదా?" అని కొందరు అడుగుతారు. కోటి ట్రేసులు, ట్రేసుకు 3,000 శాంపిళ్లు ఉంటే మొత్తం 3,000 కోట్ల అంకెలు. శాంపిలుకు 2 బైట్లైతే 60 గిగాబైట్లు, 8 బైట్లైతే 240 గిగాబైట్లు. పైగా కొన్ని రూపాలలో ఆ వెసులుబాటే లేదు. వాతావరణ, సముద్ర శాస్త్రజ్ఞులు వాడే నెట్‌సీడీఎఫ్ తొలి రూపంలో 64 బిట్ల పూర్ణాంకానికి చోటు లేదు. హెచ్‌డీఎఫ్-5 పునాది మీద 2008లో నెట్‌సీడీఎఫ్-4 వచ్చాక ఆ సదుపాయం కలిగింది. కనుక కోట్ల సంఖ్యలో ఉండే కొలతలకు పొదుపు పాటించండి. స్థానాలకు, లెక్కింపులకు, కాలానికి ధారాళంగా ఇవ్వండి. ఆ 3,000 కోట్ల శాంపిళ్లను లెక్కపెట్టడానికే 32 బిట్లు చాలవు గదా! కాలం మాట వచ్చింది కనుక ఇదొకటి: 1970 నుండి సెకండ్లను 32 బిట్లలో లెక్కించే గడియారాలు 2038 జనవరి 19న, మన కాలమానం ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకండ్లకు, నిండిపోతాయి. మీ ఫైళ్లలో అటువంటివి ఉంటే ఇప్పుడే చూసుకోండి.

ఆనాటి రద్దు జాబితా సంతకం కాకుండానే తిరిగి వెళ్లింది. టేపులను మళ్లీ చదివి, స్థానాలను 64 బిట్లలో రాయించి, పక్కపక్క బిందువుల దూరాలను క్షేత్ర పుస్తకాలతో పోల్చిన తరువాతనే కొత్త జాబితా తయారయింది. దాని మీద తనిఖీ చేసినవారి స్థానంలో ఆ అమ్మాయి సంతకం ఉన్నది. మా సంతకం దాని కింద ఉన్నది. ఆ వరుస అట్లా ఉండడమే న్యాయమని మాకు తోచింది.

క్షేత్ర విభాగపు మిత్రులకు మా సమాధానం ఇదే: అంకె పదిలంగా ఉన్నదని టేపును చూస్తే తెలియదు. రాసినవారు ఏ కుంచంతో కొలిచారో ఫైలులోనే రాసి ఉంటే, చదివినవారు మరొకసారి కొలిచి చూస్తే తెలుస్తుంది.

వచ్చే సంచికలో దశాంశ సంఖ్యలను గురించి, పాత ఐ.బి.ఎం. దశాంశ పద్ధతిలో ఉన్న టేపులను నేటి యంత్రాల మీద చదవడంలోని మెలకువలను గురించి ముచ్చటించుకుందాము. మీ విభాగాలలో ఇటువంటి అనుభవాలుంటే మాకు రాయండి. తప్పు చేసినవారి పేరు అచ్చు వేయము. పట్టుకున్నవారు సమ్మతిస్తే, వారి పేరు సంతోషంగా వేస్తాము.